అతుకుల కథ: జపాన్ బొమ్మ నుంచి శ్రీహరికోట దాకా

1975 అక్టోబరులో జపాన్ టీవీలో ‘కోటెత్సు జీగ్’ అనే బొమ్మల సీరియల్ మొదలైంది. ఉక్కు జీగ్ అని ఆ పేరుకి అర్థం. కథానాయకుడు హిరోషి అనే కుర్రాడు. ఆపద వచ్చినప్పుడు అతను ఒక పెద్ద తలకాయగా మారిపోతాడు. మివా అనే అమ్మాయి విమానంలో వచ్చి మొండెం, చేతులు, కాళ్ళు విడివిడిగా గాల్లోకి వదులుతుంది. అవన్నీ అయస్కాంత శక్తితో ఆ తల దగ్గరికి వచ్చి అతుక్కుంటాయి. రాక్షసుడు పెద్దవాడైతే మామూలు చేతులు చాలవు, అప్పుడు ఆ అమ్మాయి డ్రిల్లు చేతులు పంపిస్తుంది. ఇంకా అవసరమైతే ఒక యంత్రపు గుర్రం వస్తుంది. జీగ్ నడుము దాకా దానికి అతుక్కుని సగం మనిషి, సగం గుర్రం అవుతాడు.

టకారా అనే బొమ్మల కంపెనీ ఈ సీరియల్‌తో పాటే జీగ్‌ని అయస్కాంతాల కీళ్ళతో తయారుచేసి అమ్మింది. టీవీలో హీరో ఏం చేస్తున్నాడో, నేల మీద కూర్చున్న పిల్లవాడు సరిగ్గా అదే చేయొచ్చు. చెయ్యి పీకి కాలు దగ్గర పెట్టొచ్చు. ఒకడి తల ఇంకొకడికి తగిలించొచ్చు.

ఆ ఏడాది ఇలాంటి పనులు పైన ఆకాశంలో కూడా జరిగాయి. ఏప్రిల్ 19న మన మొదటి ఉపగ్రహం ఆర్యభట పైకెళ్ళింది, కానీ సోవియట్ రాకెట్ మీద, సోవియట్ గడ్డ నుంచి. ఉపగ్రహం మనది, దాన్ని మోసే ఒళ్ళు వాళ్ళది. జులై 17న అమెరికా అపోలో, రష్యా సోయుజ్ భూమి చుట్టూ తిరుగుతూ ఒకదానికొకటి అతుక్కున్నాయి. అదే కాలంలో పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోట ద్వీపం నుంచి చిన్న చిన్న పరిశోధక రాకెట్లు ఎగురుతున్నాయి. అక్కడి నుంచి మొదటి రాకెట్, రోహిణి-125, లేచింది 1971 అక్టోబరు 9న.

ఈ బొమ్మకీ ఆ ద్వీపానికీ నేరుగా ఏ సంబంధమూ లేదు. కానీ రెండు చోట్లా ఒకటే ప్రశ్న. విడిభాగాలని మార్చుకుంటూ పోవాలంటే ఏది మారకుండా ఉండాలి?

సూదంటురాయి, జరాసంధుడు

అయస్కాంతానికి మనకి ఇంకో మంచి పేరుంది, సూదంటురాయి. సూదిని అంటుకునే రాయి. ఈ రాయితో బొమ్మకి కీలు చేయాలనుకోండి. భుజంలో ఒక అయస్కాంతం, చేతిలో ఒక అయస్కాంతం పెడితే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. ఉత్తర ధ్రువానికి ఉత్తర ధ్రువం ఎదురొస్తే రెండూ తన్నుకుంటాయి. ఒక కొసన అతికిన చెయ్యి తిప్పి పెడితే అతకదు.

ఈ చిక్కు మనం జరాసంధుడి కథలో చిన్నప్పుడే విన్నాం. బృహద్రథుడి ఇద్దరు భార్యలకి చెరో సగం బిడ్డ పుడితే, పారేసిన ఆ రెండు ముక్కల్నీ జర అనే రాక్షసి కలిపింది. అందుకే అతను జరాసంధుడు, జర సంధించినవాడు. భీముడు ఎన్నిసార్లు చీల్చినా రెండు సగాలూ మళ్ళీ అతుక్కుంటాయి. చివరికి కృష్ణుడు ఒక గడ్డిపరకని చీల్చి, ముక్కల్ని కుడిఎడమలు చేసి విసిరి చూపిస్తాడు. భీముడు అలాగే చేస్తాడు. ఈసారి అతకవు. కండలు ఎంత బలమైనవైనా అతుకుకి ఒక దిక్కుంటుంది. ఆ దిక్కు తప్పితే బలం పనిచేయదు.

టకారా వాళ్ళు దీనికి సులువైన దారి పట్టుకున్నారు. కీలుకి ఒక పక్క అయస్కాంతం, ఇంకో పక్క మామూలు ఉక్కు గుండు. ఉక్కు గుండుకి సొంతంగా ఉత్తరమూ దక్షిణమూ లేవు. ఏ ధ్రువం దగ్గరికొచ్చినా అంటుకుంటుంది. పైగా గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఈ పద్ధతికి మాగ్నెమో అని పేరు పెట్టారు. జీగ్ చెయ్యి ఎలా ఉండాలో ఇక వాళ్ళ ఇష్టం: డ్రిల్లో, తుపాకో, గుర్రమో. గుండు కొలత ఒక్కటి మారకపోతే చాలు.

మన బొమ్మలవాళ్ళకీ కీలు తెలుసు. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేతులు, కాళ్ళు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఆరాక రంగు వేస్తే అతుకు కనపడదు. కనపడకపోవడమే అక్కడ పనితనం. నెల్లూరు, అనంతపురం వైపు తోలుబొమ్మలాటలో దీనికి తిరకాసు. భుజం దగ్గర, మోచేయి దగ్గర చిల్లు పొడిచి దారం ముడి వేస్తారు. ఆ ముడి బాగా కనపడుతుంది, అక్కడే బొమ్మ కదులుతుంది. మొదటిదానిలో అతుకు మాయమైతే బొమ్మ పూర్తవుతుంది, రెండోదానిలో అతుకు మిగిలితేనే బొమ్మ ఆడుతుంది. జీగ్ ఈ రెంటికీ ఇంకో మెట్టు పైకెళ్ళి, అతుకుని ఊడదీసే హక్కు పిల్లవాడికి ఇచ్చాడు.

ఒక మొండెం, ఎన్నో తలలు

టకారా ఈ పనికి ఊరికే రాలేదు. 1970ల మొదట్లో వాళ్ళు అమెరికన్ సైనికుడి బొమ్మ జీ.ఐ. జోని జపాన్‌లో చేసి అమ్మారు. ఆ బొమ్మ ఒంటినే 1972లో పారదర్శకంగా పోతపోసి, లోపల యంత్రాలు కనపడేలా హెన్షిన్ సైబోర్గ్ అన్నారు. 1973లో చమురు సంక్షోభం వచ్చింది, ప్లాస్టిక్ ధర పెరిగింది. 1974లో అరచేతిలో పట్టే మైక్రోమ్యాన్ వచ్చాడు. ఆ మైక్రోమ్యాన్ బొమ్మల్ని 1976లో మెగో అనే కంపెనీ అమెరికాలో మైక్రోనాట్స్ పేరుతో అమ్మింది. అందులో ప్రతినాయకుడు బేరన్ కార్జా. అతని ఒళ్ళు మన జీగ్ ఒళ్ళే. నల్లరంగు వేసి కొత్త తల పెట్టారు. జపాన్‌లో పిల్లల్ని కాపాడిన హీరో సముద్రం దాటేసరికి విలనైపోయాడు. వినాయకుడికి ఏనుగు తల, దక్షుడికి మేక తల పెట్టిన మన పురాణాల్లో మనిషి మిగిలి తల మారుతుంది. ఇక్కడ తల మారగానే మనిషే మారిపోయాడు.

పరస్పరం మార్చుకోగల విడిభాగాలు అనే ఆలోచన బొమ్మలకంటే ముందు తుపాకులది. 1785లో పారిస్‌లో ఉన్న థామస్ జెఫర్సన్ అక్కడ ఆనరే బ్లాంక్ అనే తుపాకుల తయారీదారుడి దగ్గరికి వెళ్ళాడు. బ్లాంక్ తుపాకీ తాళం ముక్కలన్నీ గుట్టలుగా పోసి ఉంచాడు. జెఫర్సన్ చేతికొచ్చిన ముక్కలు తీసి బిగిస్తే అన్నీ సరిపోయాయి. ఆశ్చర్యపోయి ఇంటికి ఉత్తరం రాశాడు. అప్పటిదాకా ప్రతి తుపాకీ ఒక కంసాలి చేతిపని. దానిలో మేకు విరిగితే ఆ తుపాకీకే కొలిచి కొత్తది చేయాలి. బ్లాంక్ పద్ధతిలో సైనికుడికి కావలసింది కంసాలి కాదు, కొలత. ఆ కొలత ఎవరి చేతిలో ఉంటే శక్తి వాళ్ళది. ఈ మాట శ్రీహరికోట కథలో మళ్ళీ ఎదురవుతుంది.

ఒకే మోటారు, మూడు జన్మలు

శ్రీహరికోట నుంచి మన సొంత ఉపగ్రహ వాహకం ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి 1979 ఆగస్టు 10న ఎగిరింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోయి సముద్రంలో పడింది. 1980 జులై 18న మళ్ళీ ఎగిరి 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే. ఆ రాకెట్ మొదటి దశకి తర్వాత ఏమైందన్నది అంతగా చెప్పుకోరు.

సుమారు 9 టన్నుల ఘన ఇంధనం పట్టే మోటారు అది. ఎస్‌ఎల్‌వీ-3కి అది కాళ్ళు. దాని తర్వాత వచ్చిన ఏఎస్‌ఎల్‌వీ ఏమిటంటే, ఎస్‌ఎల్‌వీ-3 లాంటిదాన్ని నిలబెట్టి, దాని మొదటి దశ మోటార్లనే ఇంకో రెండు తెచ్చి చెరో పక్కన కట్టడం. కాళ్ళు ఇప్పుడు భుజాలయ్యాయి. 40 కిలోలు మోసే రాకెట్‌తో 150 కిలోలు మోయించాలని ఎత్తు. జీగ్‌తో పిల్లవాడు చేసిన పనే ఇది: కొత్త ఒళ్ళు చేయకుండా, ఉన్న ముక్కలతో పెద్ద ఒళ్ళు.

కానీ ఉన్న ముక్కలే అయినా అతుకు కొత్తది. 1987 మార్చి 24న పక్క మోటార్లు రెండూ బాగా మండాయి. అవి ఆరిపోయే సమయానికి నడిమి మోటారు అంటుకోవాలి. అంటుకోలేదు. 1988 జులై 13న రెండో ఏఎస్‌ఎల్‌వీ కూడా, పక్క మోటార్ల నుంచి నడిమి మోటారుకి పగ్గం చేతులు మారే ఆ సమయంలోనే అదుపు తప్పింది. ముక్కలు మంచివే, వాటి మధ్య ఉన్న క్షణం మంచిది కాదు. ఆ క్షణాన్ని సరిచేయడానికి దాదాపు నాలుగేళ్ళు పట్టింది. 1992 మే 20న మూడోది కక్ష్య చేరింది.

తర్వాత పీఎస్‌ఎల్‌వీ. దాని మొదటి దశ చుట్టూ కట్టిన ఆరు మోటార్లు మళ్ళీ ఆ పాత ఎస్‌ఎల్‌వీ-3 మోటారు వారసులే. 1993 సెప్టెంబరు 20న మొదటి పీఎస్‌ఎల్‌వీ మోటార్ల తప్పేమీ లేకుండానే పడిపోయింది. రెండో దశ విడిపోయి మూడో దశ అందుకునే చోట ఊగింది, ఆ ఊగుని సరిదిద్దాల్సిన సాఫ్ట్‌వేర్‌లో తప్పుంది. ఇదీ అతుకు దగ్గర జరిగిందే. 1994 అక్టోబరు 15న రెండోది గెలిచింది.

అక్కడి నుంచి పీఎస్‌ఎల్‌వీ అచ్చంగా ముక్కల బొమ్మ అయింది. 2007 ఏప్రిల్ 23న ఇటలీ ఉపగ్రహం కోసం పక్క మోటార్లన్నీ తీసేసి మొండెం ఒక్కటే పంపారు. 2008 అక్టోబరు 22న చంద్రయాన్-1 కోసం ఆరు మోటార్లనీ 12 టన్నుల పొడుగు మోటార్లతో మార్చారు. 2019 జనవరిలో రెండు మోటార్లతో, అదే ఏడాది ఏప్రిల్ 1న నాలుగు మోటార్లతో ఎగిరింది. మోయాల్సిన బరువుని బట్టి చేతులు.

దాని రెండో దశలో ఉన్న వికాస్ ఇంజన్ కథ ఇంకా పెద్దది. 1974లో ఫ్రెంచి కంపెనీతో కుదిరిన ఒప్పందంలో, మన ఇంజనీర్లు అక్కడికి వెళ్ళి పనిచేసిన దానికి బదులుగా వైకింగ్ ఇంజన్ పరిజ్ఞానం వచ్చింది. అదే ఇక్కడ వికాస్ అయింది. పీఎస్‌ఎల్‌వీలో అది రెండో దశ. జీఎస్‌ఎల్‌వీలో రెండో దశ కూడా అదే, చుట్టూ ఉన్న నాలుగు పక్క మోటార్లూ అవే. చంద్రయాన్-3ని మోసిన ఎల్‌వీఎం-3 నడుములో రెండు వికాస్‌లు పక్కపక్కన ఉంటాయి.

తల దొరకని మొండెం

జీఎస్‌ఎల్‌వీకి ఒళ్ళంతా మన దగ్గరే ఉంది. మొదటి రెండు దశలూ పీఎస్‌ఎల్‌వీ నుంచి వచ్చినవే. పైన పెట్టాల్సిన క్రయోజెనిక్ దశ మాత్రం లేదు. ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే ఆ ఇంజన్ లేకపోతే పెద్ద ఉపగ్రహాలు పైకి పోవు. 1991లో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో, ఇంజన్లూ వాటిని చేసే పరిజ్ఞానమూ రెండూ ఇచ్చేట్టు ఒప్పందం కుదిరింది. 1992లో అమెరికా దీనిమీద ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా మెత్తబడింది. తయారైన దశలు అమ్ముతాం, ఎలా చేయాలో చెప్పం అంది.

బ్లాంక్ తుపాకుల దగ్గర చెప్పుకున్న మాట ఇదే. విడిభాగం కొనుక్కోవచ్చు, కానీ దాన్ని చేసే విద్య అమ్మేవాడి చేతిలోనే ఉంటే ఆ బొమ్మ పూర్తిగా మనది కాదు. ఎప్పుడు ఆడాలో వాడు చెప్తాడు. 2001 ఏప్రిల్ 18న రష్యన్ తలతో మొదటి జీఎస్‌ఎల్‌వీ ఎగిరింది. మన సొంత తలతో 2010 ఏప్రిల్ 15న ఎగిరినది సముద్రంలో పడింది. 2014 జనవరి 5న సొంత క్రయోజెనిక్ దశతో జీఎస్‌ఎల్‌వీ గెలిచింది. 1991 నుంచి లెక్కేస్తే 23 ఏళ్ళు. మార్చింది ఒక్క ముక్కని.

వదలాల్సిన చోట

అతుకు అనగానే మనకి పట్టు గుర్తొస్తుంది. రాకెట్ విషయంలో పట్టెంతో విడుపూ అంతే. 2017 ఆగస్టు 31న పీఎస్‌ఎల్‌వీ-సీ39 దశలన్నీ బాగా పనిచేశాయి. తలమీద ఉపగ్రహాన్ని కప్పి ఉంచే హీట్ షీల్డ్ ఉంటుంది. వాతావరణం దాటాక అది రెండుగా విడిపోయి రాలిపోవాలి. ఆ రోజు విడిపోలేదు. ఆ బరువుతో రాకెట్ అనుకున్న ఎత్తు చేరలేదు. చివర్లో ఉపగ్రహం రాకెట్ నుంచి ఊడింది కానీ మూత లోపలే ఉండిపోయింది. గట్టిగా పట్టుకోవడమే ఆ మూత చేసిన తప్పు. అయస్కాంతపు కీలు బొమ్మలో పిల్లలకి నచ్చే గుణం ఇక్కడ గుర్తుకొస్తుంది. పట్టుకుంటుంది, కానీ కొంచెం లాగితే వదులుతుంది. ఏదీ విరగదు.

2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి స్పేడెక్స్ పేరుతో రెండు ఉపగ్రహాలు వెళ్ళాయి. ఒక్కోటి సుమారు 220 కిలోలు. పని: ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కోవడం. జనవరి 12న మూడు మీటర్ల దాకా దగ్గరికి వచ్చి, చూసుకుని, వెనక్కి వెళ్ళాయి. 16న అతుక్కున్నాయి. మార్చి 13న విడిపోయాయి. విడిపోవడాన్ని కూడా విజయంగానే ప్రకటించారు, సీ39 చూసినవాళ్ళకి ఎందుకో అర్థమవుతుంది.

ఆ రెంటి అతుకులో ఒక విశేషముంది. సాధారణంగా ఒక పక్క మొన, ఇంకో పక్క గుంట ఉంటాయి, ప్లగ్గూ సాకెట్టూ లాగ. స్పేడెక్స్‌లో రెండు వైపులా ఒకే రకం అతుకు. ఏది వెంటాడినా, ఏది ఆగి ఉన్నా పర్వాలేదు. 1975లో అపోలో, సోయుజ్ కలిసినప్పుడు సోవియట్ ఇంజనీర్ వ్లాదిమీర్ సిరొమ్యాత్నికొవ్ చేసిన అతుకు కూడా ఇలాంటిదే. మొన ఎవరిది, గుంట ఎవరిది అన్న తగువు ఇద్దరు అగ్రరాజ్యాల మధ్య రాకుండా ఆ అతుకు కాపాడింది. టకారా వాళ్ళు ఉక్కు గుండుతో ధ్రువాల తగువు తప్పించిందీ ఆ ఏడాదే. సమానుల మధ్య అతుకు సులువుగా పడుతుంది. లేదా, ఇద్దరూ సమానమని ఒప్పుకుంటేనే పడుతుంది.

మార్చుకోలేనిది

ఇంతకీ ఈ అతుకులన్నీ ఏ నేల మీద వేశారు? శ్రీహరికోటని 1969లో ఎంపిక చేశారు. కారణాలు ఇప్పటికీ పాఠాల్లో చెప్తారు: తూర్పున సముద్రం, భూమధ్యరేఖకి దగ్గర, భూమి తిరిగే వేగం కలిసొస్తుంది, పెద్దగా జనం లేరు. మొదటి మూడూ భూగోళశాస్త్రం. నాలుగోది ఎవరు లెక్కపెట్టారన్న దాని మీద ఉంటుంది.

ఆ ద్వీపంలో యానాదులున్నారు. ఆ పేరు అనాది నుంచి వచ్చిందని చెప్పేవాళ్ళున్నారు. అడవి దుంపలు, తేనె, మందు మొక్కలు, పులికాట్ చేపలు, రొయ్యలు వాళ్ళ బతుకు. తెల్లదొరల కాలం నుంచీ ఆ అడవి కట్టెలు బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిల్లోకి వెళ్ళాయి, కొట్టి మోసింది ఎక్కువగా వాళ్ళే. రాకెట్ కేంద్రం వచ్చాక ద్వీపంలో ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొన్ని యానాది కుటుంబాలు కేంద్రం హద్దుల్లోనే కాలనీల్లో మిగిలాయి, మిగతావాళ్ళు గట్టు దాటారు. ఊరుగా కాకుండా అక్కడక్కడ గుడిసెలుగా బతికేవాళ్ళు మ్యాపు మీద ఖాళీ జాగాలా కనిపిస్తారు. జనం లేరనడం అంత తేలిక.

నష్టపరిహారం అనే మాట వెనక ఉన్నది విడిభాగాల తర్కమే. ఈ ఎకరం తీసి ఆ ఎకరం ఇస్తాం, ఈ గుడిసె బదులు ఆ ఇల్లు ఇస్తాం. కొలత సరిపోతే సరిపోయినట్టే. కానీ ఏ పొద దగ్గర ఏ వేరు దొరుకుతుందో, ఏ నెలలో సరస్సు ఎక్కడ లోతు తగ్గుతుందో తెలిసిన తెలివికి ఇంకో చోట గుంట ఉండదు. అది ఆ నేలకే అతికిన తెలివి, కొండపల్లి మక్కు లాగ. పీకితే విరుగుతుంది.

ఆ నేల మీద పనిచేసినవాళ్ళ సంగతీ అంతే. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోట ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. యంత్రాలు మళ్ళీ పెట్టారు, మోటార్లు మళ్ళీ పోతపోశారు, రాకెట్లు ఎగిరాయి. ఆ ఆరిళ్ళలో మార్చడానికి వేరే ముక్క లేదు.

ఇప్పుడు శ్రీహరికోటకి కూడా ప్రత్యామ్నాయం వస్తోంది. దక్షిణంగా వెళ్ళాల్సిన రాకెట్లు ఇక్కడి నుంచి లేస్తే శ్రీలంకని తప్పించుకుంటూ వంపు తిరగాలి, దానికి ఇంధనం ఖర్చు. చిన్న రాకెట్లకి అది పెద్ద నష్టం. అందుకని తమిళనాడులో కులశేఖరపట్టిణం దగ్గర కొత్త ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేశారు. రాకెట్‌కి సంబంధించినంత వరకూ చోటు కూడా ఒక విడిభాగమేనని తేలిపోయింది. ఇంతకంటే మంచి తీరం దొరికితే అక్కడికి వెళ్తుంది, తప్పేం లేదు.

శ్రీహరికోట ఉన్న సూళ్ళూరుపేట ప్రాంతం 2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకి మారింది. జిల్లాని కూడా మార్చుకోవచ్చన్నమాట. యానాదులకి మాత్రం ఇంకో ద్వీపం శంకుస్థాపన చేసి ఇవ్వడం ఎవరి వల్లా కాదు. రాకెట్ చరిత్ర రాసేటప్పుడు మార్చిన ముక్కల పట్టిక ఒకటి ఎలాగూ ఉంటుంది. దాని పక్కనే మార్చలేకపోయినవాటి పట్టిక కూడా ఒకటి ఉండాలి.